స్పాంజి మేస్త్రి వేసిన పన్నెండు కన్నాలు

ఆయన బాగుచేసిన కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్న సంగతినే మరిచిపోతారని మా వీధిలో ప్రతీతి. అసలు పేరు కరెంటు బిల్లుమీద తప్ప మరెక్కడా కనిపించదు. పెద్దా చిన్నా అందరికీ ఆయన స్పాంజి మేస్త్రి. తాళాల దుకాణానికీ పిండిమరకూ నడుమనున్న ఇరుకు గదిలో ముప్ఫై రెండేళ్ళుగా పని చేస్తున్నాడు. గోడవారగా పొట్ట చీలిన స్కూటరు సీట్లు, ఆసుపత్రి పరుపులు, కాలు విరిగిన సోఫాలు వరుసదీరి ఉంటాయి. వాటి మధ్య మెడలో కొలతల టేపు వేసుకొని, నోట్లో నాలుగైదు మేకులు పట్టుకొని పలచని మనిషి ఒకడు వంగి ఉంటాడు. నోట్లో మేకులుండడం చేత ఆయన తక్కువ మాట్లాడతాడు. మాట్లాడిన నాలుగు మాటలూ తన పనిని గురించే ఉంటాయి.

ఆ పనిలో ఆయనకొక నియమం ఉంది. గాలి పోయే దారి లేకుండా ఏ మెత్తా ఆయన గడప దాటదు. మనిషి కూర్చోగానే స్పాంజిలోని గాలి ఎటో ఒకవైపు పోవాలి. లేకపోతే కుట్లు పిగులుతాయి, చెమట పట్టి ఒళ్ళు చిటచిటలాడుతుంది. అందుచేత కుట్టుపని ముగిసిన తరువాత అంచు వెంబడి సన్నని కన్నాలు వరుసగా వేస్తాడు. అవి వేసేటప్పుడు ఆయన ముఖం పసిబిడ్డకు ఊపిరి పోస్తున్నవాడి ముఖంలా వెలుగుతుంది. కన్నాలు లేని సోఫాను గురించి ఆయన పని తెచ్చిన ప్రతివారికీ ఒక కథ చెబుతాడు.

"ఎవడో కక్కుర్తి మేస్త్రి కుట్టిన సోఫా అండీ. కొత్తల్లుడొచ్చి దర్జాగా కూలబడ్డాడు. కూలబడగానే సోఫా కూసింది! మామగారు పైకి చూశాడు, అత్తగారు కిందికి చూసింది. అల్లుడు మళ్ళీ ఆ ఇంట్లో కూర్చుంటే ఒట్టు!"

ఆ నియమం మూలంగా తన ఇంటనే కీడు జరుగుతుందని ఆయన కలలోనైనా అనుకోలేదు.

మేస్త్రికి ఒక చెల్లెలు ఉంది. ఆయనకన్న పదేళ్ళు చిన్నది. తల్లి పోయిన నాటినుండి ఆయనే పెంచాడు. ఇప్పటికీ బుల్లి అనే పిలుస్తాడు. పెళ్ళి మాట తెచ్చినవారినందరినీ నవ్వుతూ సాగనంపి ఆమె అన్నావదినల వద్దనే ఉండిపోయింది. విద్యుత్తు కార్యాలయంలో ఫిర్యాదుల ఫోను దగ్గర ఉద్యోగం. తీగ తెగినా, దీపం ఆరినా, జనం తిట్టేది ముందుగా ఆమెనే. దినమంతా ఆ తిట్లు విని, వాటికి విరుగుడుగా బస్సులో పోతూ ఒక గంట, వస్తూ ఒక గంట రాక్ సంగీతం వినేది. కళ్ళజోడు, అన్నం డబ్బా, గొడుగు గల ఆ నలభై రెండేళ్ళ మనిషి చెవుల్లో డ్రమ్ములూ గిటార్లూ హోరెత్తుతున్నాయని పక్కన కూర్చున్నవారెవరూ ఊహించలేరు.

"అదేం పాట తల్లీ, గిన్నెలు మెట్లమీంచి దొర్లినట్టు!" అని వదిన వెక్కిరించేది.

"లెక్కప్రకారం దొర్లుతాయి వదినా, అదీ గొప్ప. పొద్దున్నుంచీ అందరూ నామీద అరుస్తారు. ఈ పాడేవాడొక్కడే నా తరఫున అరుస్తాడు."

ఆమె హెడ్‌ఫోన్లు ఏడేళ్ళ పాతవి. చెవులకు ఆనే మెత్తల పైపొర ఊడిపోతూ ఉండడంతో సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి చెంపలకు నల్లని పెచ్చులు అంటుకొని ఉండేవి. తలమీది పట్టీ విరిగితే జిగురు టేపు చుట్టింది. ఆ రకానికి మెత్తలు విడిగా దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. కొత్తవి కొనుక్కుంటానని ఆమె అన్న రోజున మేస్త్రికి అభిమానం పొడుచుకొచ్చింది.

"ఇంట్లో నేనుండగా మెత్తలకోసం బజారుకెళ్తావా? నలుగురూ వింటే నవ్విపోతారు. ఇటియ్యి."

మూడు ఆదివారాలు ఆ పనికి కూర్చున్నాడు. తలపట్టీలో సన్నని ఉక్కుబద్ద పెట్టాడు. గట్టి స్పాంజిమీద మెత్తని స్పాంజి పొర వేసి, పలచని మేకతోలు తొడిగి, భూతద్దం పెట్టి చూసినా వంక పట్టలేనంత సమంగా కుట్టాడు. చివరకు, చెవికి చెమట పట్టకూడదని, ఒక్కొక్క మెత్త చుట్టూ పన్నెండు కన్నాలు వేశాడు. ఆమె పెట్టుకొని పాట వేసుకున్నప్పుడు ఎదురుగా నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

సమాధానం రావడానికి కొంచెం ఆలస్యమైంది.

"మబ్బు పెట్టుకున్నట్టుంది అన్నయ్యా. ఎంత మెత్తగా ఉందో!"

ఆ మాట ఆయన తాళాల దుకాణంలో చెప్పాడు, పిండిమరలో చెప్పాడు, సీటు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివారికీ చెప్పాడు. మాటకు ముందు జరిగిన ఆలస్యాన్ని మాత్రం అప్పట్లో లెక్కచేయలేదు.

పదునాలుగు నెలలు గడిచాయి. ఒకనాటి సాయంత్రం బుల్లి వంటగది గుమ్మంలోకి వచ్చి, "వదినా, కుక్కరు కూస్తోంది, చూసుకోవూ?" అన్నది.

"కుక్కరు కడిగి బోర్లించి గంటైంది. నీ చెవిలో ఏం ఉడుకుతోందో నువ్వే చూసుకో!"

ఇద్దరూ నవ్వుకున్నారు. వారం గడిచినా ఆ కూత ఆగలేదు. ఆఫీసులో ఫోను కుడిచెవి నుండి ఎడమచెవికి మార్చుకోవలసి వచ్చింది. మేస్త్రి దుకాణం మూసి, ఆమెను చెవుల డాక్టరు వద్దకు తీసుకొనిపోయాడు. డాక్టరు ఆమెను చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి, సన్నని ధ్వనులు వినిపించి, కాగితంమీద గీతలు గీశాడు. కుడిచెవిలో వినికిడి కొంత పోయింది. పోయినది తిరిగి రాదు. ఇంకా తగ్గితే ఫోను దగ్గరి ఉద్యోగం సాగదు. ఇదంతా చెప్పి డాక్టరు ఇలా అన్నాడు:

"బస్సు రొదమీద అంత గట్టిగా రోజుకి రెండు గంటలు విన్నారు కదమ్మా, చెవి అలిసిపోయింది. పాటలు మానక్కర్లేదు. సౌండు సగం దాటొద్దు, రోజుకి గంట దాటొద్దు. బయటి రొద లోపలికి రానివ్వనివి చూసి కొనుక్కోండి."

బయటి వసారాలో బెంచీలనిండా జనం ఉన్నారు. అక్కడనే మేస్త్రి విరుచుకుపడ్డాడు.

"ఒక హద్దూ పద్దూ ఉండక్కర్లా? అంత సౌండు ఎవరు పెట్టుకోమన్నారు నిన్ను? ఇంతేళ్ళొచ్చాయి, చిన్నపిల్లవా?"

"తప్పు నాదే అన్నయ్యా" అని ఆమె నేలచూపులు చూసింది. బెంచీమీది ముసలమ్మ ఒకతె, "పోనీలే నాయనా, అంతమందిలో అరవకు" అన్నది. ఆయన అరుపు ఆపినా, గొణుగుడు ఇల్లు చేరేదాకా ఆపలేదు.

తరువాతి శనివారం మధ్యాహ్నం అన్నాచెల్లెళ్ళిద్దరూ హెడ్‌ఫోన్ల దుకాణానికి వెళ్ళారు. మూడు వేలు దాటకూడదని బుల్లి ముందే చెప్పింది. దుకాణం నడిపే ఆవిడ కళ్ళజోడు పైనుండి చూస్తూ, తళుకుబెళుకులవన్నీ పక్కకు నెట్టి, సాదావి పదకొండు జతలు బల్లమీద పెట్టింది.

"రాక్ వింటానంటున్నారు కాబట్టి ఒక్క మాట. దడదడలాడించేవాటి జోలికి పోకండి. ఒక్క డ్రమ్మే మోగి మిగతావన్నీ దానికింద పడి నలిగిపోతాయి. దేనికది విడిగా వినబడాలి. వైరు ఊడదీసి మార్చుకునేదై ఉండాలి. ముందు పోయేది అదే."

బుల్లి ఒక్కొక్కటే తీసుకొని బల్ల చివరనున్న స్టూలుమీద కూర్చొని, కళ్ళు మూసుకొని విన్నది. మేస్త్రి మాత్రం వినే పని పెట్టుకోలేదు. ఒక్కొక్క జతనూ వంచి, సాగదీసి, మెత్తలను బొటనవేలితో నొక్కి, అవి ఎంతసేపటికి లేస్తున్నాయో చూశాడు.

"ఇది మడత దగ్గర ఉత్త ప్లాస్టిక్కు. ఏడాదికి విరుగుద్ది. ఇది బరువు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. దీని స్పాంజి నాసిరకం, నొక్కితే నొక్కినచోటే ఏడుస్తోంది."

"మీరొచ్చింది హెడ్‌ఫోన్లకా, సోఫాకా?" అని ఆవిడ నవ్వింది.

"ఏదైతేనేంటమ్మా, మనిషి ఒంటికి ఆనేదేగా. అది సరేగానీ, ఇన్నిట్లో ఒక్కదానికీ గాలి కన్నాల్లేవేంటి? చెవి ఉడికిపోదూ?"

"కన్నాలెందుకుంటాయండీ? గాలి పోకుండా మూసి ఉండడమే కదా వీటి పని. ఇలా రండి."

ఆవిడ ఒక జత ఆయన చెవులకు తగిలించి ఒక పాట పెట్టింది. మేస్త్రి జన్మలో రాక్ సంగీతం అంత దగ్గరగా వినలేదు. డ్రమ్ము దెబ్బ గుండెలో పడింది. దాని పక్కనే లోతుగా మరొక తీగ నడుస్తున్నది. నాలుగు వీధుల అవతల బరువైన లారీ పోతున్నప్పుడు గోడలో పుట్టే అదురులాగా ఉన్నది. గిన్నెలు కావు అవి, అనుకున్నాడు. అంతలో ఆవిడ వేలికొనతో ఒకవైపు మెత్త అంచును వెంట్రుకవాసి ఎత్తిపట్టింది. లారీ మాయమైంది. డ్రమ్ము అట్టపెట్టెమీద కొట్టినట్టయింది. వీధిలోని హారన్లు లోపలికి చొరబడ్డాయి. ఏమి చేస్తున్నాడో తెలియకుండానే మేస్త్రి వేలు సౌండు పెంచే బొత్తాముమీదికి పోయింది.

"చూశారా, పెంచుతున్నారు! అందరూ ఇంతే చేస్తారు" అన్నది ఆవిడ.

మేస్త్రి హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు. గొంతు సవరించుకొని, ఎవరి సంగతో అడుగుతున్నట్టు అడిగాడు: "ఎవరైనా మెత్తలకి కన్నాలేస్తేనో?"

"బుద్ధున్నవాళ్ళెవరూ వేయరు లెండి. వేస్తే మటుకు వినేవాళ్ళకి పాట చప్పగా ఉంటుంది. పాపం పెంచుకుంటూ పోతారు. చెవికి దెబ్బ తగిలాక గానీ తెలీదు."

తేలు కుట్టిన దొంగకు అరిచే వీలుండదు. మేస్త్రి బల్ల చివరికి చూశాడు. చెల్లెలు కళ్ళు మూసుకొనే ఉన్నది. కొంతసేపటికి కళ్ళు తెరిచి, నల్లని సాదా జత ఒకటి ఎత్తి చూపింది. ఉక్కు తలపట్టీ, తేలిక బరువు, రెండు వేల ఏడు వందలు.

"ఇది తీసుకుంటా అన్నయ్యా. మెత్తలు పాడైతే ఇవే విడిగా దొరుకుతాయట. ఊడదీసి తగిలించుకోవడమే."

"మంచిది" అన్నాడు మేస్త్రి.

బస్సులో ఆమె వాటిని పెట్టుకొని, సౌండు మూడోవంతుకు తగ్గించి విన్నది. రెండు స్టాపులు దాటాక సంతోషం పట్టలేక, తన గొంతు ఎంత పైకి లేచిందో తెలియక, "అన్నయ్యా! ఈ పాటలో గిటారు వెనకాల ఇంకో గిటారుంది!" అని అరిచింది. బస్సంతా తిరిగి చూసింది. మేస్త్రి కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు.

ఆ తరువాతి ఏడు రోజులు ఆయన మనసు ఆయన చేతిలో లేదు. తనకు తాను ఎన్నో సమాధానాలు చెప్పుకున్నాడు. బస్సు రొద వల్ల కావచ్చు. ఏళ్ళ తరబడి ఫోను వల్ల కావచ్చు. డాక్టరు కన్నాల మాట ఎత్తలేదు కదా! కొలవకుండా ఏదీ నమ్మే మనిషి కాడు కనుక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు బీరువాలోని పాత జతను తీసి, భార్య ఫోనుకు తగిలించి, బస్సు రొదకు బదులుగా రేడియోను పక్కన గట్టిగా మోగించుకొని విన్నాడు. డ్రమ్ము తగినంతగా వినబడేసరికి సౌండు గీత ముప్ఫైలో ఇరవై ఆరు దగ్గరకు చేరింది. పిమ్మట ఒక్కొక్క కన్నాన్నీ మైనంతో పూడ్చాడు. ఇప్పుడు పదిహేనుకే డ్రమ్ము గుండెలో పడింది. మళ్ళీ మైనం తీసి చూశాడు, ఇరవై ఆరు. మూడుసార్లు చూశాడు. ఆ రెండు అంకెల నడుమ ఉన్నది చెల్లెలి చెవి. ఆసుపత్రి వసారాలో, అంతమంది ఎదుట, ఎవరిని ఏమన్నాడో గుర్తుకు వచ్చి, గదిలో ఎవరూ లేకున్నా తల వంచుకున్నాడు.

కన్నం వేయాలంటేనే ఆయనకు భయం పట్టుకున్నది. పాలు పోసే ఆయన స్కూటరు సీటుకు అసలు కన్నాలే వేయకుండా పంపించాడు. మరునాడే ఆ మనిషి బండితో తిరిగివచ్చాడు.

"ఏం మేస్త్రీ, కథలో అల్లుణ్ణి నన్ను చేశావా? ఎక్కి కూర్చున్నప్పుడల్లా కుయ్యిమంటోంది. జనం బండి వంక కాదు, నా వంక చూస్తున్నారు!"

పిండిమర దగ్గరివారంతా విరగబడి నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. "తప్పయింది బాబూ" అన్నాడు. ఆయన నోట ఆ మాట విని, నవ్వుతున్నవారు టక్కున ఆగిపోయారు.

"మేకులు మింగారా ఏంటి? నాలుగు ముద్దలు కూడా దిగట్లేదు" అని భార్య అడిగింది. ఏమీ లేదన్నాడు. బుల్లి ప్రతి పూటా అన్నం వడ్డిస్తూ, "కూత తగ్గిందిలే అన్నయ్యా, దిగులుపడకు" అనేది. ఆ ఓదార్పే ఆయనకు అన్నింటికన్న బరువైంది. తన నేరాన్ని ఆమె మోస్తున్నది. పైగా తననే సముదాయిస్తున్నది.

ఎనిమిదో రోజు ఆదివారం. ఉదయాన బుల్లి డాబామీద తడిబట్టలు ఆరవేస్తున్నది. మేస్త్రి మెట్లెక్కి వచ్చి, పిట్టగోడమీద కూర్చొని, మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"బుల్లీ. నీ చెవి పాడైంది నీవల్ల కాదే."

"మరి?"

"నేను వేసిన కన్నాలవల్ల. అవి లేకపోతే నువ్వు సౌండు అంత పెంచేదానివి కాదు. కొలిచి చూశా. నేను చేసిన పనికి నిన్ను పట్టుకుని నలుగురిలో తిట్టా."

ఆమె చేతిలోని దుప్పటిని పిండి, దులిపి, తీగమీద వేసింది. రెండు క్లిప్పులు పెట్టింది.

"నాకు తెలుసు అన్నయ్యా."

"ఎప్పట్నించి?"

"పాట చప్పబడిందని మొదటిరోజే తెలిసింది. నెల తిరక్కుండానే కన్నాలవల్లేననీ తెలిసింది. బస్సులో వేళ్ళతో నొక్కి పట్టుకుంటే డ్రమ్ములొచ్చేవి. వైపుకి పన్నెండేశావు. ఎన్నని మూయను? పదే కదా వేళ్ళు."

ఆమె నవ్వబోయింది. ఆయన నవ్వలేదు.

"తెలిసీ చెప్పలేదేమే?"

"నీకా?"

ఆమె ఇంకొక తడిబట్టను అందుకున్నది. ఆయన అట్లాగే చూస్తూ ఉండడంతో, ఇక దాచి లాభం లేదనుకున్నదేమో, చెప్పింది.

"పరుపు గట్టిగా ఉందని వదిన ఒక్కసారి అన్నందుకు నాలుగు రోజులు అన్నం మానేశావు. సీటు జారుతోందన్నందుకు తాళాల బాబాయితో రెండేళ్ళు మాట్లాడలేదు. పక్కపక్క దుకాణాలు మీవి! మూడు ఆదివారాలు కూర్చుని కుట్టావు. ఎలా ఉందని అడుగుతూ చంటిపిల్లాడిలా నిలబడ్డావు. నీకు చెప్పడంకంటే సౌండు పెంచుకోవడం తేలికనిపించింది."

కన్నాల తప్పు ఒప్పుకొంటే బరువు దిగుతుందని ఆయన మెట్లెక్కాడు. దాని అడుగున ఇంకొకటి ఉన్నదని ఎరుగడు. కన్నాలు తెలియక వేసినవి. ఇది అట్లా కాదు. తన ఇంట్లో, తన ఎదుట, తన పనిని గురించి నిజం చెప్పగల మనిషి ఒక్కరు కూడా లేకుండా ముప్ఫై రెండేళ్ళు తానే చేసుకున్నాడు. దానికి వెల ఆమె చెవి.

"నన్ను..." అని ఏదో అనబోయాడు. బుల్లి అడ్డుపడింది.

"పెంచింది నా వేలే కదా. సగం తప్పు నాది. ఆ మిగతా సగం నువ్వు తీసుకో, చాలు."

"ఆ పంపకాలేవో కిందికొచ్చి చేసుకోండి, టీ చల్లారిపోతోంది!" అని మెట్ల కిందినుండి వదిన కేక వేసింది.

మేస్త్రి పిట్టగోడమీద మళ్ళీ కూర్చున్నాడు.

"ఒక్కటి చెయ్యవే. ఇకమీదట నీకెలా ఉంటే అలా చెప్పు. నా మొహం చూడకు."

"కోపం రాకూడదు."

"రాదు."

"అలిగి మంచం ఎక్కకూడదు."

"ఎక్కను."

ఆమె ఖాళీ బకెట్టు బోర్లించి దానిమీద కూర్చున్నది. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది.

"అయితే విను. కూత తగ్గలేదు. తగ్గిందని నీకోసం అబద్ధం చెప్పాను. పాట ఉన్నంతసేపు తెలీదు, ఆపగానే వస్తుంది. పొద్దున లేవగానే మరీ ఎక్కువ. ఆఫీసులో ఆడవాళ్ళ గొంతులు సగం అందడం లేదు. మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పండి అంటుంటే ఇంకా తిడుతున్నారు. మొన్న పెద్దసారు పిలిచి అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు."

"ఏం చెప్పావు?"

ఆమె చెప్పసాగింది. మేస్త్రి రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకొని, చూపు తిప్పకుండా విన్నాడు. వదిన రెండోసారి పిలిచింది, మూడోసారి పిలిచింది. చివరకు మూడు టీ కప్పులూ తానే పైకి తెచ్చి, వాళ్ళ ముఖాలు చూసి, మెట్టుమీద కూర్చున్నది. బుల్లి చెప్పవలసింది ఇంకా చాలా ఉన్నది.